మెర్విన్ ట్రెలోర్ వేసిన గీతలు

"నీ చెల్లెలి కూతురు కాకపోయుంటే దానికి నాలుగు మీటర్లు ఇచ్చేవాడివా కాదా? ముందది చెప్పు."

"నోలా, తలుపు తీసే ఉంది."

"ఉండనీ. వినేవాళ్ళు వింటారు. కోచ్ హాకింగ్ తయారుచేసిన ఆ పొడుగు పిల్లకి ఏడు మీటర్లు ఇచ్చావు. కిందటి నెల అది మా బ్రాన్ కన్నా ముందొచ్చింది, తెలుసా?"

"ఏడు మీటర్లు ముందు నిలబడింది కాబట్టి వచ్చింది."

"అదేగా నేను మొత్తుకుంటున్నది!"

రేకుల షెడ్డు వెనక సన్నటి నీడలో కూర్చుని నేను బూట్ల అడుగున మేకులు బిగించుకుంటున్నాను. గోడకి చెవి ఆనించాల్సిన అవసరం లేదు. ఆనిస్తే జనవరి ఎండకి చెవి కాలేది కూడా, మా వైపు జనవరి అంటే నడివేసవి. లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది.

"ఒక్క మీటరు అన్నయ్యా. నీ చేత్తో ఒక్క మీటరు వెయ్యి. నాలుగేళ్ళుగా ఆ వెనక గీత మీద ఒక్కత్తే నిలబడుతోంది. ముందు అందరి వీపులూ చూసుకుంటూ."

"అందరికన్నా గట్టి మనిషినే అక్కడ నిలబెడతారు. అది గౌరవం."

"నీ గౌరవం నువ్వే కప్పుకుని పడుకో. నా పిల్ల ఒక్కసారి గెలవాలి."

"నేను దాని మేనమామని కాబట్టే..."

"ఆఁ, కాబట్టే? పూర్తి చెయ్యి."

నోలా తలుపు విసిరేసి బయటికొచ్చింది. నన్ను చూసి, "విన్నావుగా. వెళ్ళి ఊరంతా చెప్పు" అంది. నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు కూడా, గంట తిరక్కుండా ఊరంతటికీ తెలిసిపోయింది.

మిన్యారా పచ్చిక మైదానంలో మా పరుగులు అందరూ ఒక్క గీత మీద నిలబడి మొదలుపెట్టేవి కావు. చేతనైనవాణ్ణి వెనక నిలబెడతారు. చేతకానివాణ్ణి మూడు మీటర్లో ఆరో పన్నెండో ముందు నిలబెడతారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ఒక్క మనిషే తేలుస్తాడు. ఆ లెక్క నిజంగా కుదిరిన రోజున ఎనిమిది మందీ నూట ఇరవై మీటర్ల చివర ఒకేసారి ఛాతీతో దారాన్ని తాకాలి. అలా ఎప్పుడూ జరగదు. జరగకపోయినా ఆ మనిషి బతుకంతా దాని కోసమే గీతలు వేస్తాడు. మా వైపు ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ మనిషి మెర్విన్ ట్రెలోర్. ఎదురుగా మెర్వ్ అనేవారు, వెనక గీతలాయన అనేవారు.

ఆ రోజు బ్రాన్ వెనక గీత మీద నుంచే పరుగెత్తింది. బ్రాన్‌వెన్ దాని పూర్తి పేరు, అప్పటికి ఇరవయ్యేళ్ళు. అరవై మీటర్ల దగ్గర నలుగుర్ని దాటింది. తొంభై దగ్గర ఇద్దర్ని. చివరికి ఆ పొడుగు పిల్ల ఒక్కత్తే మిగిలింది. దారం దగ్గర ఇద్దరి మధ్య నా అరచెయ్యి పట్టేంత ఎడం, అంతే. రెండోది. నాలుగో ఏడాది, నాలుగోసారి రెండోది.

బ్రాన్ ఏడవలేదు. బూట్లు విప్పి వట్టి కాళ్ళతో షెడ్డులోకి నడిచింది. ఆయన బల్ల మీద, కాగితాల పక్కన బూట్లు పెట్టింది.

"ఇవి నీ దగ్గరే ఉంచు మావయ్యా. నాకింక పని లేదు."

ఆయన "మేకులు తుడవకుండా పెడితే తుప్పు పడతాయి" అన్నాడు. అప్పట్నుంచి నోలా అన్నతో మాట్లాడ్డం మానేసింది. బ్రాన్ పరుగు మానేసింది. మూడేళ్ళు దాటింది.

గీతలు వేసేవాడు ఎవరితోనూ కలిసి తినకూడదని రాసిపెట్టిన నియమం ఎక్కడా లేదు. మెర్వ్ తనకి తానే పెట్టుకున్నాడు. మొదటి ఏడాది ఎవరో ఒక కోచ్‌తో కలిసి బల్ల మీద, మాంసం కూరి కాల్చే 'పై' తిన్నాడట. ఆ మధ్యాహ్నమే ఆ కోచ్ కుర్రాడు గెలిచాడు. "ఒక 'పై'కి ఒక మీటరు" అని నెల రోజులు నవ్వారు. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు ఆయన భోజనం తన ట్రక్కులోనే. అద్దాలు సగం ఎత్తి, ఒళ్ళో టవల్ పరిచి, మటన్ పెట్టిన రొట్టె ముక్కలు రెండు, ఒక యాపిల్. పెళ్ళిళ్ళకి పిలిస్తే చర్చి దాకా వచ్చి విందుకి ముందే వెళ్ళిపోయేవాడు. పరుగెత్తేవాళ్ళు లేని ఇల్లు మా వైపు తక్కువ. ఏ ఇంట్లో తిన్నా రేపు ఎవరో ఒకరు వేలు చూపిస్తారు. ఆయన భార్య ఎడ్నా బతికున్నన్నాళ్ళూ ఇద్దరే తిన్నారు. ఆవిడ పోయాక ఒక్కడే.

నాకు ఆయనంటే పడేది కాదు. దానికి కారణం నేనే, దాచడం ఎందుకు. నా కోచ్ లిండ్సే హాకింగ్ ఒక సీజనంతా నా చేత చచ్చుపరుగు పెట్టించాడు. చచ్చుపరుగంటే చేతనై కూడా కావాలని ఓడిపోవడం. చిన్న పోటీల్లో నాలుగోవాడిగా, ఆరోవాడిగా వస్తుంటే పెద్ద పోటీకి మనల్ని ముందు నిలబెడతారు. అందరూ చేస్తారు, ఎవరూ ఒప్పుకోరు. మూడో పోటీ అయ్యాక మెర్వ్ నా దగ్గరికొచ్చాడు.

"ఎనభై మీటర్ల దాకా మోకాలు నడుం దాకా లేచింది. ఆ తర్వాత లేవలేదు."

"అలిసిపోయానండీ."

"నోరు మూసుకునే ఉంది. అలిసినవాడు నోరు తెరుస్తాడు. ఈసారి అబద్ధం ఆడేటప్పుడు నోరు కూడా తెరు అబ్బాయ్."

పెద్ద పోటీలో నన్ను రెండు మీటర్లు వెనక్కి లాగాడు. లిండ్సే ఆయన ట్రక్కు చుట్టూ తిరిగి బూతులు తిట్టాడు. ఆయన లోపల కూర్చుని యాపిల్ చెక్కు తీసుకుంటూనే ఉన్నాడు. చెక్కు మధ్యలో తెగకుండా ఒకటే పొడుగ్గా వచ్చింది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

కిందటి చలికాలం ఆయన కళ్ళకి పొర కమ్మింది. దారం దగ్గర ఎవరి ఛాతీ ముందో కనపడ్డం లేదని తనే చెప్పి తప్పుకున్నాడు. పరుగుల సంఘం వాళ్ళు ఒక గోడ గడియారం ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మెర్వ్ ఊళ్ళో ఉన్న ఒక్క పబ్బుకి వచ్చాడు. లోపలికి రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నిమ్మరసం గ్లాసు పట్టుకుని కౌంటరు చివర నిలబడ్డాడు.

లిండ్సే అన్నాడు: "ఒరేయ్, అందరూ రెండడుగులు వెనక్కి జరగండ్రా, గీతలాయన వచ్చాడు."

నవ్వులు. మెర్వ్ కూడా నవ్వాలనుకున్నాడు. నవ్వు ఎలా మొదలుపెట్టాలో తెలియని మొహం పెట్టాడు. "ఇప్పుడు నేను గీతలు వెయ్యడం లేదు" అన్నాడు, ఎవరో నిజంగా అడిగినట్టు. ఆయన్ని తరిమింది లేదు, రమ్మన్నది లేదు. ముప్పయ్యేళ్ళు తను ఉంచిన ఎడం అది. జనం దానికి అలవాటు పడిపోయారు, అంతే. గ్లాసు సగంలో ఉండగానే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను వ్యవసాయ కాలేజీలో ఏడాదిన్నర వెలగబెట్టి మానేసి వచ్చాను. గోధుమ కోతల సీజన్‌లో రైల్వే పక్కన గోదాముల దగ్గర లారీలు తూచే కాటా మీద కూర్చునే పని దొరికింది. ముప్పై నాలుగేళ్ళు మెర్వ్ కూర్చున్న గది అది. కిటికీ గట్టు మీద ఆయన మోచేతులు ఆనిన చోట రంగు పోయి కర్ర కనిపిస్తుంది. డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు ఆయనే మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఆ కాటా ఎండలో ఇరవై కిలోలు ఎక్కువ చూపిస్తుంది. పొద్దున్నొకసారి, రెండింటికొకసారి సున్నా చూసుకో" అన్నాడు.

"చూసుకుంటున్నానండీ."

"మంచిది." కుర్చీ విప్పి గది నీడలో కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత రోజూ. వచ్చినప్పుడల్లా ఒక సాకు తెచ్చేవాడు. ఒకరోజు కాటా, ఒకరోజు ఈగల తెర, ఒకరోజు తాళం చెవి. నాలుగో రోజు సాకులు అయిపోయాయి. ఉత్త కుర్చీతో వచ్చాడు.

లారీవాళ్ళు కిటికీలోంచి తల బయటపెట్టి ఆటపట్టించేవారు. "ఏం గీతలాయనా, నా లారీనీ రెండు మీటర్లు వెనక్కి లాగుతావా?"

"ఎంత వేసుకొచ్చావు?" అని ఆయన నిజంగానే అడిగేవాడు.

మా అమ్మ ఒకరోజు నాకు మధ్యాహ్నం భోజనం డబ్బా ఇవ్వడానికొచ్చింది. లారీ దిగిన ఎవరో నా చదువు సంగతి అడిగారు. అమ్మ తలెత్తి, "స్టార్టింగ్ ఫ్రమ్ స్క్రాచ్ అండీ మావాడు, మళ్ళీ మొదటి గీత దగ్గర్నుంచి మొదలుపెడుతున్నాడు" అంది. మా ఊళ్ళో ఆ మాట ఎవరైనా ఎక్కడైనా అంటారు. ఇల్లు కాలిపోయినవాడు అంటాడు, మొగుడు వదిలేసినావిడ అంటుంది, కొట్లో కొన్న రెడీమేడ్ పొడి వాడకుండా కేకు చేసినావిడ కూడా అంటుంది. అందరికీ దాని అర్థం ఒకటే: చేతిలో ఏమీ లేదు, అన్నీ కొత్తగా మొదలుపెడుతున్నాం.

అమ్మ వెళ్ళాక మెర్వ్ గొంతు సవరించుకున్నాడు.

"నిన్ను స్క్రాచ్ మీద ఎవరు నిలబెట్టారోయ్?"

"అంటే?"

"కాలేజీ నువ్వు మానేశావు. ఇల్లుంది. అమ్మ డబ్బా తెచ్చింది. ఉద్యోగం నడిచొచ్చింది. నువ్వు పన్నెండు మీటర్లు ముందున్నవాడివి. స్క్రాచ్ అంటే అందరికన్నా వెనక, మడమతో నేల మీద గీరిన గీత. అక్కడ నిలబడ్డవాడికి ఎవరూ ఏమీ ఇవ్వరు. అందరికీ వాడే ఇవ్వాలి."

"మాటకి అందరూ వాడే అర్థం అదే కదండీ. జనం దాన్నలాగే వాడుతున్నారు."

"వాడనీ. తప్పని నేననలేదు. రెండిట్లోనూ ఒకటి మాత్రం నిజం. అక్కడ మనిషి ఒక్కడే ఉంటాడు. నేను పరుగెత్తిన రోజుల్లో ఆరేళ్ళు ఆ గీత మీదే ఉన్నాను. తుపాకీ పేలాక ముందున్నవాళ్ళ భుజాలు ఒకదానికొకటి తగులుతాయి, బూతులు తిట్టుకుంటారు. నీకేమీ వినపడదు. నీ ఊపిరి ఒక్కటే."

"గెలిచారా ఎప్పుడైనా?"

"లేదు."

ఆ తర్వాత వారంలో ఒకరోజు ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీశాడు. కళ్ళకి ఆనించి పెట్టుకుని రాశాడేమో, అక్షరాలు పెద్దవిగా వంకరగా ఉన్నాయి. ఎనిమిది వరసలు. పేర్లు లేవు, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఒక్కో అంకె ఎదురుగా నాలుగేళ్ళ సమయాలు, ఆ రోజు గాలి ఎటు, పచ్చిక తడా పొడా.

"లారీకీ లారీకీ మధ్య చూడు. వీళ్ళకి గీతలు వెయ్యి."

"నాకు రాదండీ."

"చచ్చుపరుగు వచ్చినవాడికి ఇది రాకపోవడమేమిటి? ఎక్కడ దాస్తారో నీకు తెలుసు."

పట్టుదలగా కూర్చున్నాను. రెండు రోజులు పట్టింది. అన్ని సమయాల్లోంచీ గాలి చేసిన తేడా తీసేశాను. రెండో నెంబరు నడిమి నెలల్లో కావాలని తగ్గుతోంది, దాన్ని వెనక్కి లాగాను. ఏడో నెంబరుదైతే ఒక్క పోటీలో కూడా దాపరికం లేదు. ప్రతిసారీ ఉన్నదంతా పెట్టి పరుగెత్తింది, ప్రతిసారీ దాదాపు ఒకే సమయం. గట్టిదే కానీ అందరికన్నా గట్టిది కాదు. ఎనిమిదోది, చాలా పోటీల్లో దాచుకుంటూ వచ్చినా, దానికన్నా గట్టిది. ఎనిమిదిని గీత మీద పెట్టి ఏడుకి మూడున్నర ఇచ్చాను. కాగితం ఆయన చేతికిచ్చాను.

ఆయన మడతకుర్చీని వెలుతురులోకి లాక్కుని చాలాసేపు చూశాడు. ఒక లారీ వచ్చింది, తూచాను, వెళ్ళింది. ఇంకో లారీ వచ్చింది. గోదాము మీంచి గులాబీ రంగు చిలకల గుంపు దిగి రాలిన గింజలు ఏరుకుంటోంది.

"ఏడుకి మూడున్నర" అన్నాడు.

"మూడు ఇవ్వొచ్చు. మూడుకి మాత్రం తగ్గదు."

"నేనూ ఇంట్లో మూడుసార్లు వేశాను, పేర్లు మూసిపెట్టి. ఒకసారి మూడు. రెండుసార్లు మూడున్నర." కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు. "ఏడంటే బ్రాన్."

నాకు వెంటనే ఆ అరచెయ్యంత ఎడం గుర్తొచ్చింది. నేను మెత్తగా మాట్లాడే రకం కాదు.

"అయితే మీరు మోసం చేశారు. నాలుగేళ్ళు."

"చేశాను."

"నన్ను రెండు మీటర్లు వెనక్కి లాగారు మోసం చేశానని."

"నువ్వు గెలవడానికి చేశావు. నేను, 'మోసం చేశాడు' అని ఎవరూ అనకూడదని చేశాను." ఆయన గొంతు మామూలుగానే ఉంది, వేళ్ళు మాత్రం కాగితం అంచుని రుద్దుతున్నాయి. "ఇంకెవరి పిల్లయినా అయితే దాని సమయం చూసేవాణ్ణి. బ్రాన్ పేరు రాగానే పబ్బులో వాళ్ళ మొహాలు కళ్ళ ముందుకొచ్చేవి. మేనకోడలికి ఇచ్చుకున్నాడు అంటారు కదా. అందుకని ముందే సున్నా రాసేసేవాణ్ణి. తర్వాత సున్నాకి సరిపడా కారణాలు వెతుక్కునేవాణ్ణి. గట్టి మనిషి, గౌరవం, అవీ ఇవీ."

"అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను. అదీ ఒక పనే. చాలా కష్టమైన పని."

మూడు లారీలు వరసగా వచ్చాయి. నేను తూచినంతసేపూ ఆయన కదల్లేదు. నాకు జాలేసింది, కోపం పోలేదు. బ్రాన్ మొహం నాకు గుర్తుంది. పరుగు మానేశాక ఒకసారి బేకరీలో కనపడితే, "కాళ్ళు బాగానే ఉన్నాయి, నామీద నాకే నమ్మకం పోయింది. నా లెక్కలో నేను గట్టిదాన్ని కాదు, మావయ్య లెక్కలో గట్టిదాన్ని, మరి ఎప్పుడూ ఎందుకు ఓడిపోతాను?" అంది. ఆ మాట ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. చెప్పాను.

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తన లెక్కే సరైనదని దానికెవరూ చెప్పలేదు" అన్నాడు.

"మీరు చెప్పండి."

"ఫోన్ చేశాను. నోలా ఎత్తింది. నా గొంతు విని పెట్టేసింది. రెండోసారి చేస్తే బ్రాన్ ఎత్తింది. అది కూడా పెట్టేసింది, కాకపోతే కాసేపు ఆగి."

"ఉత్తరం రాయండి, ఆ కాగితం జతచేసి."

"ఉత్తరం మీద నా చేతిరాత చూస్తే విప్పదు. విప్పినా, కాగితం మీద రాస్తే నన్ను నేను సమర్థించుకున్నట్టే ఉంటుంది. మనిషి ఎదురుగా నిలబడితే కదా తిట్టడానికి వీలుంటుంది."

"ముప్పయ్యొక్క ఏళ్ళు ఎవరొచ్చి ఏం అడిగినా కుదరదనే అన్నారు మీరు. ఇప్పుడు మీరెళ్ళి అడిగితే?"

"అదే." మొదటిసారి కొంచెం నవ్వాడు. "అడగడం నాకు చేతకాదు. అలవాటు లేదు. ఎలా మొదలుపెడతారో కూడా తెలీదు."

ఆ రోజు మధ్యాహ్నం లారీలు ఆగాయి, గాలి ఎక్కువై, నిప్పు అంటుకుంటుందన్న భయంతో పొలాల్లో కోత ఆపారు. నా డబ్బాలో సగం రొట్టె తీసి ఆయనకిచ్చాను. అలవాటుగా చెయ్యి ఎత్తి వద్దన్నాడు. తర్వాత ఎత్తిన చేతికేసి చూసుకుని, ఆ చేత్తోనే తీసుకున్నాడు. చాలా నెమ్మదిగా తిన్నాడు. ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి రోడ్డు వైపు తల తిప్పాడు. ఎవరూ లేరు. ఉన్నా ఆ కళ్ళకి కనపడరు.

సాయంత్రం కుర్చీ మడిచి చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. నా వైపు తిరగకుండానే అడిగాడు.

"ఆదివారం నీకేమైనా పనుందా?"

"లేదు."

"నోలా వాళ్ళ పొలం ఇక్కడికి నలభై రెండు కిలోమీటర్లు. ఈ కళ్ళతో నన్ను బండి నడపనివ్వరు." కుర్చీని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు. "నన్ను తీసుకెళ్ళు. గేటు బయటే ఆపు. నేను దిగను. నువ్వు లోపలికెళ్ళి, మెర్వ్ వచ్చాడు, బ్రాన్‌కి మూడున్నర మీటర్లు రావాల్సి ఉండింది, ఆ మాట తన నోటితో చెప్పి తిట్లు తిని వెళ్తాడట అని చెప్పు. అంతకు మించి నా తరఫున ఒక్క ముక్క కూడా చెప్పకు. రమ్మంటే వచ్చి నా వైపు తలుపు తియ్యి. వద్దంటే, వాళ్ళేమన్నారో నాకు చెప్పొద్దు. వచ్చి కూర్చుని బండి తియ్యి."